చెవిలో చెప్పే పేర్లు

జూలై 3

తెల్లవారినప్పటి నుంచి ముసురు. గోడ వెంట ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఎడమ బూటులోకి నీళ్ళు దిగాయి. మార్చిలో ఒక అంత్యక్రియల దగ్గర తోపులాటలో దాని కుట్టు ఊడింది. కుట్టించాలి అనుకుంటూ ఉండగానే వానలు వచ్చేశాయి.

పని మామూలే. తోట, కార్లు, వంటగది వెనక తలుపు. ఆ తర్వాత పాలవాడి దగ్గర నుంచి పేపర్లవాడి దాకా వచ్చిన ప్రతి ఒక్కరి చేతులు. ముందు చేతులు, తర్వాతే ముఖం. నవ్వే ముఖం ఎవరినీ పొడవదు, పొడిచేది చెయ్యే అనేవాడు మాకు శిక్షణ ఇచ్చినాయన. ఇన్నేళ్ళలో నాకు బాగా వంటబట్టింది ఇదొక్కటే.

పొద్దున సాగునీటి ఇంజినీర్లతో సమావేశం. ముఖ్యమంత్రిగారు, మాకు పెద్దాయన, కూర్చోబోయే కుర్చీలో నేను ముందు కూర్చుని, అటూ ఇటూ కదిలి, కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూసి లేచాను. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన "బాగుందా?" అన్నారు.

"బాగుంది సార్."

"అయితే నువ్వే ఉండు. నేను ఇంటికి పోతాను."

ఇంజినీర్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం బడిపంతుళ్ళ సమావేశంలోనూ అదే మాట అన్నారు. మళ్ళీ నవ్వాను. పొద్దున అన్నట్టు ఆయనకి గుర్తున్నట్టు లేదు. రోజంతా మనుషులు, మాటలు. ఎవరికైనా అలసటే.

అన్నం తినేటప్పుడు వంటాయన అన్నాడు. "హెడ్డుగారూ, ఈ రాష్ట్రంలో పెద్దాయన కూర్చునే ప్రతి కుర్చీలో ఆయనకన్నా ముందు కూర్చునేది మీరే. మరి ప్రమాణస్వీకారం ఎప్పుడు?"

"నువ్వు కూరలో ఉప్పు వేసిన రోజు" అన్నాను.

మేం కేంద్రం భద్రతా శాఖ మనుషులం. జీతం అక్కడి నుంచి, కాపలా ఇక్కడ. బయటి గేటు దగ్గరుండే రాష్ట్ర పోలీసులు మమ్మల్ని ఇల్లరికపు అల్లుళ్ళు అంటారు. ఎదురుగా కాదు, వినబడేటంత దూరంలో.

ఈ రోజు పేర్లు ఎక్కువగా చెప్పాల్సి వచ్చింది. వచ్చే మనిషి చేతులు చూడటానికి పెద్దాయన భుజం పక్కన ఎలాగూ వంగుతాను. వంగినప్పుడే చెవిలో చెబుతాను, ఫలానా వాళ్ళని. గేటు దగ్గర పాసులు చూసేది మేమే కాబట్టి ఎవరు వస్తున్నారో నాకు ముందే తెలుస్తుంది. పోయినేడు ఎండాకాలంలో ఎప్పుడో ఒకసారి చెప్పాను, పనికొచ్చిందన్నారు, అలా సాగుతోంది. ఇది నా పనిలో లేదు. అయినా అంతమంది పేర్లు ఏ మనిషికి మాత్రం గుర్తుంటాయి? పేరు అందగానే ఆయన అవతలివాళ్ళ చెయ్యి పట్టుకుని "ఇంట్లో అంతా బాగేనా?" అంటారు. ఆ ఒక్క మాటకే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. 

జూలై 5

వాన. పెద్దాయన మేడ దిగలేదు.

జూలై 8

పై ఆఫీసరు వచ్చాడు. గొడుగు మూయకుండానే మా గదిలోకి వచ్చి, నేలంతా తడిపి, నా మంచం మీద కూర్చున్నాడు. నా జోడీ పొడుగాయన్ని టీకి పంపాడు. టీ కోసం కాదని పొడుగాయనకీ తెలుసు. తిరిగి రావడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఎలా ఉన్నాడయ్యా మీ పెద్దాయన?"

"బాగానే ఉన్నారు సార్."

"బాగానే ఉన్నారు అని చెప్పి పంపడానికి నేనేం చుట్టపుచూపుగా రాలేదు. సరిగ్గా చెప్పు."

"కాస్త అలసట సార్. పని ఎక్కువ."

ఆఫీసరు కిటికీలోంచి వాన చూస్తూ సంగతి చెప్పాడు. చలికాలంలో ఎన్నికలు. పెద్దాయన్ని మళ్ళీ నిలబెట్టాలా, ఇంకొకరిని చూసుకోవాలా అని కేంద్రంలో పెద్దవాళ్ళు ఆలోచిస్తున్నారట. ఆయనకి మతి తప్పుతోందని అక్కడిదాకా గుసగుసలు పాకాయట.

"డాక్టరు వాళ్ళ ఇంటిమనిషి, చెప్పడు. ఆయన ఆఫీసు నడిపే మేనల్లుడు చెప్పడు. చెబితే వాడి ఆఫీసు పోతుంది. రోజంతా పక్కన నిలబడేది నువ్వు."

"మన పని ప్రాణం కాపాడటం కదా సార్."

"మన శాఖని ఇక్కడ పెట్టింది ఆయన్ని నిలబెట్టడానికయ్యా. నిలబడలేకపోతున్నాడంటే ముందు తెలియాల్సింది మనకే. నువ్వు రైతుబిడ్డవి. ఎద్దు ఎప్పటి నుంచి కుంటుతోందో ఇంకొకళ్ళొచ్చి నీకు చెప్పాలా?"

మంచం కింద పెట్టెని తడి తగలకుండా పక్కకి జరిపాను.

"కాగితం మీద ఏమీ వద్దు. నోటిమాట చాలు. నెలాఖరుకి వస్తాను." లేచి గొడుగు దులిపాడు. "అన్నట్టు, నీ బదిలీ అర్జీ నా బల్ల మీదే పడుంది. మీ ఊరి దగ్గర కొత్తగా విమానాశ్రయం కట్టారట కదా. అక్కడ మన శాఖకి మనుషులు కావాలి. రోజూ ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు."

మంచం తడిసిపోయింది. దుప్పటి తీసి ఆరేశాను. ఆరేందుకు ఎండ లేదు.

మా పని ప్రాణం కాపాడటం. మిగతాది మాకు పట్టదు. అదీకాక ఆయనకి ఉన్నది అలసట. నేను చెప్పింది నిజమే.

జూలై 9

ఇంటికి ఫోన్ చేశాను. బదిలీ సంగతి చెప్పాను. మా ఆవిడ వెంటనే నమ్మలేదు.

"ఈ మాట విని విని చెవులు తుప్పుపట్టాయి బావా. వచ్చాక చెప్పు, వచ్చావని."

"ఈసారి నిజంగానే అయ్యేటట్టుంది."

"అయ్యేటట్టుంటే మంచిదే. బోరు మోటారు కాలింది. మా తమ్ముడు బాగు చేయిస్తానని తీసుకెళ్ళి పది రోజులైంది. వాడూ కనబడడు, మోటారూ కనబడదు." తర్వాత ఆమే అంది, "అవునుగానీ, నీ పెద్దాయనకి ఊళ్ళో అందరి పేర్లూ నువ్వే అందిస్తావటగా. నీ కూతురు ఇప్పుడు ఎన్నో తరగతో చెప్పు చూద్దాం."

"ఎనిమిది."

"తొమ్మిది. ఫోన్ పెట్టేయ్."

పెట్టేసింది. నవ్వుతూనే పెట్టింది అనుకుంటున్నాను.

జూలై 11

పెద్దాయనకి జ్వరమని మేనల్లుడు బయటికి చెప్పించాడు. జ్వరం లేదు.

జూలై 13

పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. పెద్దాయన తోటలో నడుస్తానన్నారు. నేను ఎడమ పక్కన అడుగు వెనక. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి కాలువకి గండి పడితే ఊరంతా కలిసి ఎలా పూడ్చారో చెప్పారు. ఎవరు గడ్డి మోపులు తెచ్చారో, ఎవరి ఎడ్లు బురదలో దిగబడ్డాయో, ఎవరు పని చేయకుండా గట్టు మీద కూర్చుని సలహాలు చెప్పారో, అన్నీ పేర్లతో సహా చెప్పారు. ఒక్క పేరు కోసం కూడా వెతుక్కోలేదు. అది వింటే ఈయనకి ఏదో అయిందని ఎవరంటారు?

లోపలికి వచ్చాం. మెట్ల దగ్గర ఆగిపోయారు. మెట్ల వైపు చూశారు, వరండా వైపు చూశారు. నా వైపు చూడలేదు.

"పైకి సార్" అన్నాను.

"తెలుసయ్యా" అన్నారు. ఎక్కారు.

పన్నెండేళ్ళుగా ఆయన ఉంటున్న ఇల్లు ఇది.

పెద్దాయన భార్య, అమ్మగారు, పైనుంచి చూస్తూనే ఉన్నారు. పెద్దాయన్ని గదిలో కూర్చోబెట్టి వచ్చి, మెట్ల చివర రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు పక్కనుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది బాబూ."

"మా డ్యూటీ అమ్మా."

"డ్యూటీయా?" అన్నారు. "సరే, అలాగే అను." గొంతు తగ్గించి అడిగారు. "మీ వాళ్ళు ఏమైనా అడుగుతున్నారా ఆయన గురించి?"

"లేదమ్మా."

అమ్మగారు నమ్మినట్టు తలూపారు. నమ్మలేదు. ఆవిడ నమ్మలేదని నాకు తెలిసినట్టు ఆవిడకీ తెలుసు.

"ఎన్నికలైతే ఆయనే మానేస్తానన్నారు" అన్నారు వెళ్ళబోతూ. "ఈ ఒక్కసారికి పరువుగా దిగితే చాలు. ఎవరో దించితే తట్టుకోలేరు."

నెలాఖరుకి ఆఫీసరు వస్తే బాగానే ఉన్నారనే చెబుతాను. చెప్పేశాను కూడా. రెండు మాటలు ఎందుకు మార్చడం?

జూలై 14

విమానాశ్రయంలో డ్యూటీ మూడు షిఫ్టులట. పొడుగాయన చెప్పాడు. పొద్దుటి షిఫ్టయితే మధ్యాహ్నానికి పొలంలో ఉండొచ్చు.

ఊరికే రాశాను.

జూలై 17

జనాన్ని కలిసే రోజు. హాలు నిండా తడి గొడుగుల వాసన. కుర్చీ చూశాను. "బాగుందా?" అన్నారు. బాగుందన్నాను. "అయితే నువ్వే ఉండు" అన్నారు. నవ్వాను.

మొదట వచ్చినవాళ్ళతో బాగానే గడిచింది. చేపల సంఘం, అంధుల బడి, రోడ్డు కావాలని వచ్చిన రెండు ఊళ్ళవాళ్ళు. పేరు చెప్పడం, చెయ్యి పట్టుకోవడం, ఇంట్లో అంతా బాగేనా. మేనల్లుడు వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. గోడ దగ్గర పత్రికలవాళ్ళు బెంచీ మీద కునుకుతున్నారు.

తర్వాత చెరకు రైతులు. మిల్లు మూసేస్తారన్న భయంతో వచ్చారు. ముందు ఒకావిడ, వెనక నలుగురు మగవాళ్ళు. ఆవిడ చేతిలో గుడ్డసంచి. సంచిలో కాగితాలు తప్ప ఏమీ లేవని గేటు దగ్గరే చూశాను. చేతులు పనిచేసే చేతులు, వణుకు లేదు. వంగి చెప్పాను, "చెరకు సంఘం అధ్యక్షుడి భార్య సార్." పాసు మీద అలాగే ఉంది.

పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ముఖం నిండా నవ్వు.

"మీ ఆయన రాలేదేం అమ్మా? నిన్ను పంపి తను ఇంట్లో పడుకున్నాడా?"

వెనక నలుగురు మగవాళ్ళూ ఒక్కసారే తల దించుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు.

ఆయన మార్చిలో పోయాడు. పెద్దాయన వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆ రోజు మనుషులు ఎగబడితే పెద్దాయన చుట్టూ చేతులు అడ్డుపెట్టి నిలబడ్డది నేనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. అప్పుడు చూసినవన్నీ చేతులు. పోయినవాడి ముఖం చూశానా? గుర్తులేదు.

ఆవిడ పెద్దాయన ముఖంలోకి చూసింది. ఆవిడకి అర్థమైంది. ఎంత అర్థమైందో చెప్పలేను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రాలేకపోయారండి" అంది.

"రమ్మను, రమ్మను. నేను అడిగానని చెప్పు."

"అలాగేనండి."

మిల్లు సంగతి చెప్పి, కాగితాలు ఇచ్చి వెళ్ళిపోయింది. వెళ్తుండగా గోడ దగ్గర బెంచీ మీద నుంచి ఒకడు లేచి ఆవిడ వెనకే బయటికి వెళ్ళడం చూశాను. వాడి చేతిలో పెన్ను తప్ప ఏమీ లేదు. కాబట్టి ఆపలేదు.

ఎడమ బూటు కుట్టు ఊడింది మార్చిలో ఆ అంత్యక్రియల రోజే. 

జూలై 18

చేతులు సరిగ్గానే చూశాను.

జూలై 19

పత్రికలో వచ్చింది. 'చనిపోయిన మనిషిని రమ్మన్న నాయకుడు' అని పెద్దక్షరాలు. పక్కన మార్చినాటి ఫోటో. పెద్దాయన ఆ పాడెకి భుజం పట్టి నడుస్తున్నారు. వెనక భుజం దగ్గర నా సగం ముఖం.

మేనల్లుడు మా గదికి వచ్చాడు. తలుపు తన్నినంత పని చేశాడు.

"ఎవరు చెప్పమన్నారు మీకు ఆ మాట?"

"ఎవరూ చెప్పమనలేదండి."

"ఇన్నాళ్ళూ ఎవరొచ్చినా పేరుతో పాటు సంగతి కూడా చెప్పేవాళ్ళుగా. కూతురి పెళ్ళయింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది అని. ఈవిడ దగ్గరికొచ్చేసరికి భర్త పోయాడన్న మాట నోట్లోనే ఆగిపోయిందా?"

"గుర్తు రాలేదండి."

"గుర్తు రాలేదా?" నవ్వాడు. "పత్రికలవాళ్ళు హాల్లో కూర్చున్న రోజే గుర్తు రాలేదా? మా మామయ్యని దించాలంటే మీ కేంద్రంవాళ్ళు ఎదురుగా రావాలి. ఇలా చెవిలోంచి దూరతారా? తిండి ఈ ఇంట్లోదయ్యా మీది."

పొడుగాయన లేచాడు. నేను కూర్చోమన్నాను.

"కావాలని చేయలేదండి" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. బయట రాష్ట్ర పోలీసులు గేటు దగ్గర గుంపుగా నిలబడి మా వైపు చూస్తున్నారు. ఈ రోజు అల్లుళ్ళు అనలేదు.

సాయంత్రం కారు ఎక్కేటప్పుడు పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కారు, ఎప్పటిలాగే. పత్రిక చదివారట. "ఎవరో పాపం, భర్త పోయిన ఆవిడని ఎవడో అలా అడిగాడట" అని అమ్మగారితో అన్నారట. వంటాయన చెప్పాడు. చెప్పి, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. కూరలోకి అన్ని అక్కర్లేదు.

జూలై 21

అమ్మగారు పిలిపించారు. వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుతాను. కావాలని చేశావా?"

"లేదమ్మా. నాకు గుర్తు లేదు."

అమ్మగారు చాలాసేపు నన్నే చూశారు.

"ఈ ఇంట్లో ఆ మాట అనే మనిషి ఒక్కరే ఉన్నారనుకున్నాను" అన్నారు.

"నీ మీద కోపం లేదు బాబూ. ఒక మనిషి జ్ఞాపకమంతా ఇంకో మనిషి చెవిలో పోస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట ఒలుకుతుంది. ఆపాల్సింది నేను. పోయినేడే ఆపాల్సింది." కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వు బాగా చెబుతున్నావు కదాని ఊరుకున్నాను."

జూలై 23

ఆఫీసరు నుంచి ఫోన్.

"గట్టివాడివేనయ్యా" అన్నాడు.

"ఏంటి సార్?"

"నోటితో చెప్పమన్నాను. నువ్వు నోరు కూడా మెదపకుండా చెప్పేశావు. పైన అందరూ చూశారు. ఇక ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు."

"అది నేను కావాలని చేసింది కాదు సార్. పొరపాటు."

"అలాగే అను. అలాగే అనాలి." అవతల ఎవరితోనో ఏదో అని మళ్ళీ లైన్లోకి వచ్చాడు. "నీ బదిలీ మీద సంతకం అయింది. ఒకటో తేదీకల్లా అక్కడ ఉండాలి."

"పొరపాటు సార్" అన్నాను మళ్ళీ.

"ఇదిగో చూడు, పొరపాటయితే పాసు చూసి కూడా మనిషిని గుర్తుపట్టలేని హెడ్డువి. నిన్ను విమానాశ్రయంలో కూడా పెట్టకూడదు. ఏదనుకుంటావో నువ్వే అనుకో."

ఫోన్ పెట్టేశాడు.

జూలై 24

మా ఆవిడకి చెప్పాను. బదిలీ అయిందని మాత్రమే చెబుదామనుకున్నాను. అంతా చెప్పాను.

అంతా వింది. తర్వాత, "కావాలని కాదు కదా బావా?" అంది.

"కాదు."

"నీ చెవిలో బదిలీ మాట పడ్డాక జరిగింది కదా, అందుకడిగాను."

"కాదన్నానుగా."

"సరే. మోటారు వచ్చింది. నీళ్ళు పడుతున్నాయి."

కావాలని కాదు. ఆ రోజు కుర్చీలోంచి లేచిన దగ్గర నుంచి ఆవిడ వచ్చేదాకా ఏం ఆలోచిస్తున్నానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. పొద్దుటి షిఫ్టు గురించి. అంతే. పెద్దాయన గురించి కాదు, ఆవిడ గురించి కాదు.

కావాలని కాదు.

జూలై 26

చెరకు ఆవిడ వచ్చింది. మిల్లు కాగితాల మీద సంతకం అయిందో లేదో కనుక్కోవడానికి. అయింది. మొన్న ఆవిడ వచ్చి వెళ్ళిన సాయంత్రమే పెద్దాయన చేశారు. మిల్లు ఈ ఏడాది మూయరు. గుమాస్తా కాగితం తెచ్చేదాకా ఆవిడ మా గది చూరు కింద నిలబడింది. వాన జల్లు కొడుతోంది. లోపలికి రమ్మన్నాను. గడప దాటి ఒక అడుగు లోపల నిలబడింది.

"నేనేనమ్మా ఆ రోజు చెవిలో చెప్పింది. మీ ఆయన సంగతి చెప్పడం మరిచిపోయాను."

"తెలుసు. మీ పెదాలు కదలడం చూశాను."

"పత్రికవాడికి..."

"నేనేం చెప్పలేదు. మా మగవాళ్ళు చెప్పారు. వాళ్ళకి కోపం వచ్చింది." సంచిని రెండో చేతిలోకి మార్చుకుంది. "నాకు రాలేదండి. మా ఇంట్లో ఎవరూ ఆయన ఊసెత్తరు. ఎత్తితే నేను ఏడుస్తానని. ఆయన ఎందుకు రాలేదని నాలుగు నెలల్లో అడిగిన మనిషి ఒక్కడే. అడిగినట్టు అడిగాడు, ఇంట్లో పడుకున్నాడా అని. మా ఆయన నిజంగా అలాంటివాడే. పని నాకు చెప్పి పడుకునేవాడు."

నవ్వింది. ఆవిడ ముఖం ఈ రోజే చూశాను. ముక్కు పక్కన చిన్న మచ్చ ఉంది.

గుమాస్తా కాగితం తెచ్చాడు. తీసుకుని వెళ్ళింది.

జూలై 28

పెద్దాయన దిగిపోతున్నట్టు ఈ రోజు ప్రకటించారు. కేంద్రం నుంచి ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి పొద్దున లోపల మాట్లాడారు. తలుపు బయట నిలబడ్డాను. మేనల్లుడి గొంతు ఒకసారి పెరిగింది, తర్వాత అమ్మగారి గొంతు మెల్లగా వినబడింది, ఆ తర్వాత ఎవరి గొంతూ లేదు. బయటికి వచ్చినప్పుడు ఆ ఇద్దరిలో ఒకాయన నాకేసి చూసి చిన్నగా తలూపాడు. నేను ఊపలేదు. ఊపలేదనే అనుకుంటున్నాను.

ఆరోగ్య కారణాలు అని కాగితంలో రాశారు. చదవడానికి హాల్లో బల్ల, కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చుని చూశాను. ఒక కాలు కొంచెం పొట్టి. మార్పించాను.

పెద్దాయన తలుపు దగ్గర ఆగారు. "బాగుందా?"

"బాగుంది సార్."

ఎదురుచూశాను. అందరూ ఎదురుచూశారు. ఆయన నవ్వుతారేమోనని పత్రికలవాళ్ళు కూడా కెమెరాలెత్తి పట్టుకున్నారు.

"అయితే లే" అన్నారు. "ఈ ఒక్కసారికి నేనే కూర్చుంటాను."

కాగితం తడబడకుండా చదివారు. చివర కాగితంలో లేని ముక్క ఒకటి అన్నారు, చెరకు మిల్లు మూస్తే ఊరుకోనని. అంతా గుర్తుండి అన్నారో, ఎక్కడో మిగిలిపోయిన ముక్క పైకి వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోవడం నా పని కాదు.

నా పని ఏదో ఈ మధ్య సరిగ్గా తెలియడం లేదు.

జూలై 30

బూటు కుట్టించాను. కుట్టేవాడు తోలు కుళ్ళిపోయిందని, ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేనని అన్నాడు. 

జూలై 31

వాన లేదు. తెల్లవారుజామునే ఎండ.

పెద్దాయన సొంత ఊళ్ళో ఇంటికి వెళ్తున్నారు. సామాను నిన్ననే వెళ్ళింది. పదవి పోయాక కేంద్రం కాపలా ఉండదు. రాష్ట్ర పోలీసులు ఒకరిద్దరు ఉంటారు. కొత్త నాయకుడి ఇంటికి కొత్త జట్టు ఇప్పటికే వెళ్ళిపోయింది. గోడ వెంట ఒకసారి తిరిగాను. ఎందుకో తెలియదు. అలవాటు.

కారు సీటులో కూర్చుని చూశాను. దిగి తలుపు పట్టుకున్నాను. పెద్దాయన వరండా మెట్లు దిగి వచ్చారు. నన్ను చూసి ఆగారు. ముఖంలో ఆ పాత చూపు, మనిషి దగ్గరికి వస్తున్నప్పుడు ఎడమ చెవి కాస్త వంచి ఎదురుచూసే చూపు. పేరు కోసం.

చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. చెప్పాల్సిన నేనే ఎదురుగా నిలబడి ఉన్నాను.

అమ్మగారు ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో అన్నారు. కొంచెం ఎక్కువసేపే అన్నారు. పేరు ఒక్కటే అయితే అంతసేపు పట్టదు.

పెద్దాయన ముఖం నిండా నవ్వు వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి ఎప్పుడూ చూడలేదు నేను.

"ఇంట్లో అంతా బాగేనా?" అన్నారు.

"బాగే సార్. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది."

"మంచిది, మంచిది" అన్నారు. కారెక్కారు.

పెద్దాయన, అమ్మగారు పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్ళారు. మేనల్లుడు వాళ్ళతో వెళ్ళలేదు. పది దాటాక తన కారులో వెళ్ళాడు, కొత్త నాయకుడి ఇంటి వైపు. వంటాయన మధ్యాహ్నం అన్నం పెట్టి, గిన్నెలు కడిగి వెళ్ళాడు. పొడుగాయన రెండు గంటల బండికి వెళ్ళాడు. నేను నాలుగు గంటల బస్సుకి.